రెండో సున్నం బొట్టు

ఎద్దులు లేని బండి చక్రానికి కూడా ఆకులుంటాయా మామ్మా, అని రాయించావు కదమ్మా. ఉంటాయట. ఈ ఉత్తరం రాస్తున్న పంతులుగారు కాకినాడలో ఒక మోటారు బండిని చూశారట, ఆయనే చెప్పారు. ఏ బండికైనా చక్రం చక్రమే. మధ్యన కుండ, దాంట్లోంచి చుట్టూ పుల్లల్లా ఆకులు, ఆకుల చివర వంపు తిరిగిన చెక్కలు, పూటీలంటాం, వాటన్నిటినీ బిగించి పట్టుకోడానికి పైన ఇనప పట్టా. వీటిలో ఏది బాగులేకపోయినా మిగతావన్నీ బాగుండి లాభం లేదు.

తమ్ముడు అడిగినదానికి మాత్రం నాకు జవాబు తెలీదు. ఆ మోటారు బండ్లు చేసేవాళ్ళే పటాలానికి ఫిరంగి బండ్లు కూడా చేస్తారట, ఎందుకు మామ్మా అన్నాడు. నేనేం చెప్పను నాయనా. బండి చేసేవాడి ఇంటికి పటాలం ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. మన ఇంటికీ వచ్చింది. మీ నాన్న మీకు చెప్పే ఉంటాడు, తాతయ్య మన్యంలో పోయారని. వాడికి తెలిసింది అంతే. మిగతాది ఇవాళ చెప్తాను. పంతులుగారూ, నేనేం చెప్పినా అలాగే రాయండి, బాగు చెయ్యకండి.

మాది సామర్లకోట కాలవ పక్కన బండి చక్రాలు చేసే ఇల్లు. మా మామగారు, మీ తాతయ్య, ఇద్దరు కూలీలు. తుమ్మ దుంగలు కొని కాలవలో నానబెట్టేవారు. తీసి, కోసి, పెరటి పాకలో వరసలుగా పేర్చేవారు. ఆ తరవాత పని ఆడవాళ్ళది. పదిహేను రోజులకోసారి చెక్కలన్నీ తిరగెయ్యాలి. ఒక వానాకాలం పాకలో గడిచిందంటే చెక్క చివర ఒక సున్నం బొట్టు పెట్టాలి. రెండో వానాకాలం గడిస్తే రెండో బొట్టు. రెండు బొట్లున్న చెక్కతోనే ఆకులు చెయ్యాలి. పచ్చి చెక్కతో చేస్తే నెల తిరక్కుండా ఎండకి లాక్కుపోయి, కుండలో వదులైపోతాయి.

మా అత్తగారు పోయాక ఆ సున్నం డబ్బా నా చేతికొచ్చింది. బొట్టు పెట్టిన చెక్కని మా ఇంట్లో మగవాళ్ళు మళ్ళీ చూసుకునేవారు కాదు. ఇంటి కోడలు పెట్టింది కదా, అంతే. మీ తాతయ్యకి నన్ను ఆట పట్టించడం సరదా. "సున్నమంతా నీ తాంబూలానికే సరిపోతోంది, పాపం చెక్కలు బోసి నుదురుతో కూర్చున్నాయి" అనేవారు.

మన్యంలో సర్కారు మీద పితూరీ లేచిన ఏడు, వేసవిలో, ఒక గుత్తేదారు వచ్చాడు. పటాలం కొండల్లోకి వెళ్తోంది, బియ్యం మందుగుండు మొయ్యడానికి బండ్లు కావాలి, నెల రోజుల్లో పాతిక జతల చక్రాలు ఇవ్వాలన్నాడు. అన్నీ ఒకే కొలత. ఏ చక్రం ఏ ఇరుసుకైనా పట్టాలట. మామగారికి అదే వింతగా తోచింది. అప్పటిదాకా ఎవరి బండికి వాళ్ళ చక్రమే. మా చక్రం కుండ కింద చిన్న చిలక ముక్కు చెక్కడం మా ఇంటి గుర్తు. అది కూడా వద్దన్నారు, నంబరు వేస్తామన్నారు. కుదరదంటే ఏమవుతుందో మామగారికి తెలుసు. పక్క ఊళ్ళో కాదన్నవాళ్ళ బండ్లు, ఎద్దులు ఊరికే తోలుకుపోయారు.

రాత్రీ పగలూ చేశారు. చివరికి రెండు జతలు మిగిలాయి, రెండు బొట్ల చెక్క అయిపోయింది. గుత్తేదారు మనిషి అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. మీ తాతయ్య పట్టాలు వేయించడానికి కమ్మరి కొలిమి దగ్గరకి వెళ్ళారు. నేను పెరట్లో గిన్నెలు తోముకుంటున్నాను. మామగారు సున్నం డబ్బా తనే పట్టుకుని వచ్చారు. ఆయన ఆ డబ్బా ముట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు.

"అమ్మాయ్, ఆ వెనక వరసకి ఇంకో బొట్టు పెట్టు."

అది ఒక్క వానే చూసిందండి మామగారూ, అన్నాను. తెలుసు, అన్నారు. మన్యం దాకా వెళ్ళి రావడానికి ఆగుతుంది, వచ్చాక మనమే మార్చేద్దాం అన్నారు. ఆయనకి ఒక మాట చెబితే, అని నసిగాను.

"చెబితే వాడు చెయ్యడు."

ఆ మాట ఆయన కోపంగా అనలేదు. నా వంక చూడకుండా అన్నారు. నేను చెయ్యి కడుక్కుని వెళ్ళి బొట్లు పెట్టాను. కొత్త సున్నం తెల్లగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కదా, దాని మీద కాస్త మట్టి రాశాను. అలా రాయమని మామగారు చెప్పలేదు. అది నాకే తోచింది.

సాయంత్రం మీ తాతయ్య వచ్చి ఆ చెక్క తీసుకున్నారు. రెండు బొట్లున్నాయి. ఇంకేం చూస్తారు.

చక్రాలు ఇచ్చేశాక ఇంకో కబురు. దారిలో విరిగినవి బాగు చెయ్యడానికి ఒక పనివాడు బండ్ల వెంట రావాలట. మామగారు నేను వెళ్తానన్నారు. ఆయన కంటికి అప్పటికే పొర కమ్మింది, ఎవరు పంపిస్తారు. మీ తాతయ్య బయల్దేరారు.

ఆ కబురుకీ ప్రయాణానికీ మధ్యలో రెండు రోజులున్నాయి. అన్నం వడ్డించేటప్పుడు చెప్పచ్చు. నీళ్ళు తోడేటప్పుడు చెప్పచ్చు. చెబితే తండ్రీ కొడుకులు విడిపోతారని ఒకసారి, పెళ్ళాం మాయ చేసిందని ఆయనకి తెలుస్తుందని ఒకసారి, ఆగిపోయాను. ఎన్ని సాకులు చెప్పుకున్నా భయం నా గురించేనమ్మా. నేను పెట్టిన బొట్టుని ఆయన ఇంకెప్పుడూ నమ్మరని భయం.

బయల్దేరే రోజు బండ్లన్నీ రోడ్డు పక్కన నిలబెట్టారు. మీ తాతయ్య చెక్క సుత్తి పట్టుకుని ఒక్కో చక్రం మీద కొట్టుకుంటూ వచ్చారు. ఎండిన చెక్క ఖంగుమంటుంది. పచ్చిది మొద్దుగా మోగుతుంది. ఆ ఇంట్లో కాపరం చేసినదాన్ని, నాక్కూడా తెలుస్తుంది ఆ తేడా. చివరి నుంచి రెండో బండి దగ్గర కొట్టి ఆగారు. మళ్ళీ కొట్టారు. తల తిప్పి నా వైపు చూశారు. మీ నాన్న నా చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు, అప్పటికి వాడికి అయిదేళ్ళు.

నేనింక చెప్పేద్దామని రెండడుగులు వేశాను. ఆయన, మంచినీళ్ళు తెస్తావా, అన్నారు. తెచ్చాను. తాగి, చెంబు ఇచ్చేసి, వీణ్ణి ఎండలో తిప్పకు అన్నారు. ఆట పట్టించే మాట ఒక్కటీ అనలేదు. బండ్లు కదిలాయి. ఆ రెండో బండి మీదే ఎక్కి కూర్చున్నారు.

ఆషాఢంలో పెద్దాపురం మరిడమ్మ జాతరకి వెళ్ళి, ఆయన క్షేమంగా వస్తే చీర పెడతానని మొక్కుకున్నాను. ఏ తప్పు చేశానో మాత్రం అమ్మవారికి కూడా చెప్పలేదు.

శ్రావణంలో ఒక బండివాడు వచ్చాడు. గుమ్మంలో నిలబడి, చెక్క సుత్తి తీసి అరుగు మీద పెట్టాడు. గోకవరం దాటాక కొండ దిగుతుంటే వాన పట్టుకుందిట. మందుగుండు పెట్టెల బండికి చక్రం ఊడిపోయి, బండి లోయలోకి పడిపోయిందిట. ఆయన్ని అక్కడే కట్టెలు పేర్చి దహనం చేశారట. మామగారు పాకలోకి వెళ్ళిపోయారు.

అది ఏ చక్రమయ్యా, అని అడిగాను. ఏం చెప్పమంటారమ్మా, దారి పొడుగునా చక్రాలు ఈ బండివి ఆ బండికి మారుస్తూనే ఉన్నారు, నంబర్లు వానకి చెరిగిపోయాయి అన్నాడు. ఆయనేమైనా అన్నారా, అన్నాను.

"ఆ బండి తోలేది నేనేనమ్మా. వాలు రాగానే నన్ను దిగి నడవమన్నారు. ఆయన పగ్గాలు పట్టుకున్నారు."

మామగారు ఆ తరవాత ఏడాది బతికారు. మిగిలిన చెక్కంతా వంటచెరుక్కి ఇచ్చేశారు. మా ఇద్దరి మధ్యా ఆ మాట ఒక్కసారి కూడా రాలేదు. అన్నం పెట్టేదాన్ని, తినేవారు. మీ నాన్నని ఉలి పట్టనివ్వకుండా బళ్ళో వేశాను. వాడేమో మా నాన్న పని నాకెందుకు నేర్పలేదని ఇప్పటికీ నన్ను తప్పు పడతాడు. పట్టనీ.

సుత్తి నా దగ్గరే ఉంది. అప్పుడప్పుడు తీసి గుమ్మం కమ్మీ మీద కొట్టి చూస్తాను. పాత చెక్క, ఖంగుమంటుంది.

రాయడం ఆపేశారేం? ఇదొక్కటీ రాసెయ్యండి పంతులుగారూ. ఆ రోజు రెండోసారి కొట్టినప్పుడు ఆయన ఆ మొద్దు మోత విన్నారా? వినే నన్ను మంచినీళ్ళు అడిగారా?