రాజమణక్క బోర్డు

జాకెట్టు లోపల వేసే అస్తరు గుడ్డను నీళ్ళలో నానబెట్టి, నీడన ఆరేసి, ఇంకా కాస్త చెమ్మ ఉండగానే ఇస్త్రీ చేయాలి. అప్పుడే జాకెట్టు కుట్టాక ఉతికినా ముడుచుకోదు. వేడి పెట్టె తగలగానే ఆ గుడ్డలోంచి గంజి వాసనతో ఆవిరి లేస్తుంది. సిరిసిల్లలో నా దుకాణంలో పొద్దున్నే ముందుగా లేచే వాసన అదే. పక్క వీధిలో మరమగ్గాలు ఎంత మోత మోగుతున్నా సరే, ఆ ఆవిరి మొహానికి కొట్టగానే నేను పని నేర్చుకున్న కోరుట్ల గుర్తొస్తుంది, నేర్పిన రాజమణక్క గుర్తొస్తుంది. గుర్తొస్తే మనసు హాయిగా ఉంటుందని చెబితే అబద్ధం. కోపం వస్తుంది. ఇన్నేళ్ళయినా ఆ కోపం ఎవరి మీదో నేను సరిగ్గా తేల్చుకోలేదు.

మొన్న ఇక్కడ చిన్న వ్యాపారాలు చేసుకునే తల్లులకు శిక్షణ పెట్టి నన్నూ పిలిచారు. హైదరాబాద్ నుంచి వచ్చిన అమ్మాయి తెర మీద బొమ్మలు చూపిస్తూ చక్కగానే చెప్పింది. వ్యాపారానికి వేరే ఫోన్ ఉండాలట, చేతిలో కార్డు ఉండాలట, మనిషి నీటుగా ఉండాలట, ఇంటి గొడవ దుకాణానికొచ్చిన గిరాకీ కంట పడకూడదట. తప్పు మాట ఒక్కటీ లేదు. అందరూ బుద్ధిగా రాసుకుంటున్నారు. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. తెర లేకుండా, బొమ్మలు లేకుండా ఇవన్నీ నాకు నేర్పిన మనిషి ఇప్పుడు ఏ మూలన కూర్చుని హుక్కులు కుడుతోందో చెబుదామని నోటి దాకా వచ్చింది. ఆ పిల్ల చిన్నబోతుందని ఊరుకున్నాను.

మా ఆయన మస్కట్ పోయిన ఏడాది నేను ఆమె దుకాణం మెట్లు ఎక్కాను. నా బిడ్డ శ్రావణి అప్పటికి సంకలో పిల్ల. కోరుట్ల బస్టాండు దగ్గర సందులో చిన్న మడిగె, పైన నీలం రేకు బోర్డు, దాని మీద తెల్ల అక్షరాలతో 'రాజమణి లేడీస్ టైలర్స్'. ఆ బజారులో ఆడవాళ్ళు నడిపే దుకాణాలు ఇంకా ఉన్నాయి గాని, వాటి మీద దేవుడి పేరో, కొడుకు పేరో, మొగుడి పేరో ఉండేది. లోపల మిషన్ మీద కూర్చున్న మనిషి తలెత్తి నన్నూ, సంకలో పిల్లనూ ఎగాదిగా చూసింది.

"పని నేర్చుకుంటవా, పొద్దువోక అచ్చినవా?"

"నేర్చుకుంటనక్కా."

"పేరేంది?"

"శ్రావణి వాళ్ళమ్మను."

"పొల్ల పేరు అడగలే. నీ పేరు అడిగిన."

నా పేరు సుజాత అని చెప్పడానికి నాకు సిగ్గేసింది. పెళ్ళయ్యాక ఎవరూ అడగని పేరు అది. ఆమె నవ్వలేదు. బయటికి రమ్మని పిలిచి, బోర్డు చూపించి చెప్పింది: "అత్తగారి ఊరు బుగ్గారంల నేను గంగారాం పెండ్లాన్ని. బడి కాడ లావణ్య వాళ్ళమ్మను. ఈ రేకు మీద ఒక్కతాననే నేను రాజమణిని. ఇది ఎట్లన్న గిట్లనే నిలవడాలె చెల్లె. నాకు ఇంకోటి వద్దు." ఆమె భర్త గంగారాంది కల్లు గీసే ఇల్లు. ఆయన చెట్లెక్కడం మానేసి దుబాయి పోయాడు. అక్కడి నుంచి ఆయన పంపింది ఇల్లు గడవడానికే చాలేది కాదు. మిషన్లు, అద్దం, రేకు, అన్నీ ఆమె జాకెట్లు కుట్టి కొన్నవే. ఆ సంగతి బజారంతా తెలుసు.

ఆమె దగ్గర పని నేర్చుకోవడమంటే ముందు నిలబడడం నేర్చుకోవడం. కొంగు భుజం మీద పిన్ను పెట్టి ఉండాలి. వంగి కొలతలు తీసేటప్పుడు కొంగు సర్దుకునే మనిషి చేతిలో ఎవరూ ఖరీదైన పట్టుగుడ్డ పెట్టరని ఆమె లెక్క. టేపు మెడలోనే ఉండాలి. గుడ్డ కోసే కత్తెరతో కాగితం కోస్తే ఆ పూటంతా మాట్లాడేది కాదు. ఫోన్ మోగితే "ఎవలు?" అనకూడదు, "రాజమణి టైలర్స్, చెప్పుండ్రి" అనాలి. మా వైపు ఆడవాళ్ళు జాకెట్టు గుడ్డతో పాటు ఆదికి పాత జాకెట్టు ఒకటి ముద్దలా చుట్టి పడేసి పోతారు. రాజమణక్క ఆది ముట్టేది కాదు. "పాత రవిక పాత మనిషిది. నువ్వు ఇయ్యాల ఎట్లున్నవో గట్ల కొలుస్త, లోపలికి రా" అనేది. మొదట్లో అందరూ మూతి విరిచారు. తరవాత మెట్‌పల్లి నుంచి కూడా వెతుక్కుంటూ వచ్చారు.

ఇంతవరకూ బాగానే ఉంది. మిగతాది చెప్పాలంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. పిల్లలు గిరాకీకి కనిపించకూడదు. కర్టెన్ వెనక చీరతో ఉయ్యాల కట్టి శ్రావణిని అందులో వేయమంది. ఒకరోజు పిల్లకు జ్వరం. ఎవరో పెద్ద ఆఫీసరు భార్య వచ్చి కొలతలు ఇస్తోంది, నేను రాసుకుంటున్నాను. వెనక పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. నేను కదలబోతే రాజమణక్క కళ్ళతోనే ఆపేసింది. ఆ అమ్మగారు చెయ్యి, మెడ, వీపు అన్నీ తీరిగ్గా కొలిపించుకుని, అద్దంలో చూసుకుని, వెళ్ళేదాకా నేను అక్కడే నిలబడ్డాను. ఆ తరవాత పిల్లను ఎత్తుకుని ఏడుస్తుంటే రాజమణక్క తడి గుడ్డ తెచ్చి దాని నుదుటి మీద వేసింది.

"నా మీద కోపమున్నదా?"

"లేకపోతదా మరి?"

"మగోని దుకాణంల పోరగాండ్లు లొల్లి పెట్టినా ఎవడు పట్టించుకోడు. మన దగ్గర ఒక్క పొల్ల ఏడిస్తె, పిల్లల తల్లి ఈమెకు ఎక్కడ తీరుతదని గుడ్డ వాపసు గుంజుకపోతరు. నా లావణ్య గిట్లనే పెరిగింది. ఇంట్ల ఏమున్నా, కడుపుల ఏమున్నా, గిరాకి ముంగట నోరు మెదపద్దు. గిరాకి పోయినంక ఎంతన్న ఏడువు, ఎంతన్న కొట్లాడు."

ఆ మాట ఆమెకు వేదం. నేను కూడా కళ్ళు తుడుచుకుని నిజమే కదా అనుకున్నాను.

తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న రోజుల్లో గంగారాం దుబాయి వదిలేసి వచ్చాడు. ఊరూరా దీక్షా శిబిరాలు నడుస్తున్నాయి, బందులు, రాస్తారోకోలు. బందు రోజు చాలామంది సగం షట్టరు దించి దొంగచాటుగా బేరం చేసుకునేవాళ్ళు. రాజమణక్క మాత్రం తాళం వేసి నన్ను కూడా లాక్కుని నడిరోడ్డు మీద వంటావార్పుకు పోయేది. అంత పెద్ద గంజులో అన్నం కలియబెడుతూ చెమటలు కక్కుతున్నా ఆమె మొహం వెలిగిపోయేది. శిబిరంలో గంగారాం మైకు పట్టుకుంటే జనం కదిలేవాళ్ళు కాదు. "మన కష్టం మనది, మన ఇల్లు మనది, మన మీద ఇంకొకని పెత్తనమేంది?" అని ఆయన అడుగుతుంటే నాకూ రోమాలు నిక్కబొడుచుకునేవి. ఆమె అన్నం గరిటె పట్టుకుని నిలబడి వింటూ, "సూసినవా, మీ బావ ఎంత మంచిగ మాట్లాడుతుండో" అనేది. పాపం, నిజంగానే మురిసిపోయింది.

ఆ ఏడాదే జగిత్యాలలో ఒక ప్రైవేటు బడి వాళ్ళు యూనిఫారాలు కుట్టేవాళ్ళు కావాలన్నారని తెలిసింది. రాజమణక్క నెల ముందు నుంచే తయారైంది. కార్డులు అచ్చు వేయించింది, వాటి మీద ఆమె పేరు, దుకాణం ఫోను. నమూనా డ్రెస్సు తానే కుట్టింది, కాజాలు కూడా చేత్తోనే తీసింది. గంజి పెట్టిన నూలు చీర కట్టుకుని, నన్ను డ్రెస్సు పట్టుకోమని బయలుదేరదీసింది. గంగారాం తానూ వస్తానన్నాడు. మగతోడు ఉంటే మంచిదే కదా అనుకున్నాం ఇద్దరమూ.

బడి యజమాని గదిలో ఆమె కార్డు ఇచ్చింది. ఆయన తీసుకుని, చూడకుండానే టీ గ్లాసు కింద పెట్టుకుని గంగారాం వైపు తిరిగాడు.

"షాపు మీదేనా?"

"మాదే సార్. నేను దుబాయిల ఉండంగనే పెట్టిచ్చిన. ఈమె మా ఇంట్ల ఆమె, కుట్టుడు సూసుకుంటది."

నేను రాజమణక్క మొహం చూశాను. నోరు తెరిచింది. తెరిచి, మళ్ళీ మూసింది. ఎదురుగా ఉన్నది గిరాకీ. అంతే, నవ్వు మొహం పెట్టుకుని, "పిల్లల కొలతలన్ని నేనే తీసుకుంట సార్, ఒక్కటి గూడ వాపసు రాదు" అంది. ఆర్డరు గంగారాం పేరు మీద రాశారు, సంతకం ఆయనే పెట్టాడు. తిరుగు బస్సులో గంగారాం ముందు సీట్లో కూర్చుని ఎవరితోనో ఉద్యమం ముచ్చట పెట్టాడు.

"గప్పుడే ఎందుకు అనలేదక్కా?" అన్నాను.

"సారు ముంగట మొగుడు పెండ్లాలం కొట్లాడుకుంటె ఆర్డర్ ఇస్తడా? ఇంటికి వోయినంక అడుగుత."

ఇంటికి పోయాక అడిగింది. రాసింది ఇప్పుడు మార్పిస్తే ఆ సారు దగ్గర మన ఇజ్జత్ ఏం కావాలని ఆయన ఎదురు అడిగాడు. అది ఆమె సూత్రమే.

బండ్ల నంబర్ల మీద, దుకాణాల రేకుల మీద ఆంధ్ర మాట చెరిపేసి తెలంగాణ అని రాయించుకుంటున్న కాలమది. పెయింటర్లకు ఊపిరి సలపని పని. ఒకరోజు యూనిఫారాలకు పిల్లలను వెంటబెట్టుకుని తల్లులు వచ్చారు, దుకాణం నిండా జనం. బయట నిచ్చెన వేసిన చప్పుడైంది. మేం వెళ్ళి చూసేసరికి పెయింటర్ రేకు మీద తెల్లరంగు పూసేస్తున్నాడు. ఆమె పేరు అప్పటికే పోయింది. గంగారాం కింద నిలబడి ఏం రాయాలో చెబుతున్నాడు: 'తెలంగాణ గంగారాం టైలర్స్'. చుట్టూ ఉన్నవాళ్ళు "మంచిగున్నది సేట్" అన్నారు. ఎవరో జై తెలంగాణ అన్నారు. ఆ మాటకు అడ్డం చెప్పేవాళ్ళు ఊళ్ళో ఎవరున్నారు, మేం మాత్రం చెబుతామా? ఆ మాట కోసమే కదా రోడ్డు మీద అన్నం వండింది.

రాజమణక్క మెడలో టేపుతో మెట్ల మీద నిలబడి చూసింది. ఇప్పుడు అరుస్తుంది, నిచ్చెన లాగేస్తుంది అనుకున్నాను. ఆమె చుట్టూ ఉన్న తల్లులను ఒకసారి చూసింది.

"అక్షరాలు వంకర వోతున్నయి తమ్మీ, సక్కగ రాయి" అంది పెయింటర్‌తో. లోపలికి వచ్చి, "ఇగ ఎవలమ్మా, రాండ్రి" అని తరవాతి పిల్లకు కొలతలు తీయడం మొదలుపెట్టింది.

అందరూ పోయాక నేను ఊరుకోలేదు. గంగారాంను అనాల్సినవన్నీ ఆమెనే అన్నాను. ఆమె గుడ్డముక్కలు ఏరుకుంటూ విన్నది.

"ఏమనాల్నే? తెలంగాణ రాయద్దందునా? అందరున్నరు. వాళ్ళ ముంగట మగని పరువు తీస్తె రేపు ఈ గడప ఎవలు తొక్కుతరు?"

"తొక్కకుంటె మానె. బోర్డన్న ఉంటుండె."

"రేకు మీద పేరు వోయింది గని పని నా చేతులనే ఉన్నది" అంది. ఆ మాట చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు. ఆ తరవాత పని కూడా పోయింది. గంగారాం కటింగ్ మాస్టర్‌ను పెట్టాడు. కౌంటర్లో తాను కూర్చున్నాడు. ఆమెకు హుక్కులు, కాజాలు మిగిలాయి. వచ్చినవాళ్ళు ఆమెనే "సేట్ లేడా?" అని అడిగేవాళ్ళు. తెలంగాణ వచ్చిన రోజు గంగారాం బజారంతా మిఠాయి పంచాడు. నేనూ తిన్నాను, ఏడ్చాను కూడా. ఆ ఏడుపులో సంతోషం ఎంతో, ఆమె కోసం ఎంతో నాకు తెలియదు.

తరవాత మా ఆయన తిరిగి రాక ముందే నేను మా అమ్మ ఊరు సిరిసిల్లకు వచ్చి, ఆమె నేర్పిన పద్ధతిలోనే దుకాణం పెట్టుకున్నాను. ఆయన మస్కట్ నుంచి వచ్చిన కొన్నాళ్ళకు ముస్తాబాద్ నుంచి ఒకామె బిడ్డ పెళ్ళి బట్టలు మూటకట్టుకుని వచ్చింది. మా ఆయన కుర్చీ వేసి కూర్చోబెట్టి, "నేను మస్కట్ల ఉండంగనే పెట్టిచ్చిన అమ్మా ఈ దుకాణం" అన్నాడు. ఆయనేం చెడ్డ మనిషి కాదు. గొప్పకు అన్నాడు. నా చేతిలో కత్తెర బల్ల మీద పెట్టేశాను.

"నువ్వు పెట్టిచ్చింది గాదు. నేను పెట్టుకున్న. దుకాణం నాది" అన్నాను, ఆమె ఎదురుగానే.

ఆయన మొహం మాడిపోయింది. ముస్తాబాద్ ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మళ్ళీ వస్తానని మూట ఎత్తుకుపోయింది. రాలేదు. మా ఆయన మళ్ళీ ఎప్పుడూ ఆ మాట అనలేదు.

ఎంత గర్వంగా ఉందో, ఆ సాయంత్రమే రాజమణక్కకు ఫోన్ చేశాను. ఆమె మెచ్చుకుంటుందని ఆశపడ్డాను.

"గిరాకి ఎదురుంగ ఉన్నప్పుడే అన్నవా?"

"అన్ననక్కా."

"తప్పు చేసినవ్ చెల్లె. ఆమె పోయినంక అనాల్సింది."

వెనక నుంచి గంగారాం ఎవరు ఫోన్లో అని అడగడం వినిపించింది. "ఎవలు లేరు" అని ఫోన్ పెట్టేసింది.

ఇప్పుడు నా దగ్గరికి పని నేర్చుకోవడానికి పిల్లల తల్లులే ఎక్కువ వస్తారు. వాళ్ళకు టేపు, పిన్ను, కార్డు, ఫోన్ ఎత్తే తీరు, అన్నీ ఆమె చెప్పినట్టే చెబుతాను. ఒక్కటి మాత్రం వేరుగా చెబుతాను: దుకాణం నాది కాదని ఎవరైనా అంటే, ఎదురుగా కలెక్టర్ ఉన్నా సరే, అక్కడే, అప్పుడే అనండి, గిరాకీ పోతే పోనీ. ఇది ఎవరు నేర్పారని అడుగుతారు. రాజమణక్క అనే చెబుతాను. ఆమె వింటే ఒప్పుకోదు.