కడప మామ చెప్పిన పన్నెండు ఓడలు

నా చిన్నప్పుడు మేము ఒమాన్‌లో బహ్లా అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. చుట్టూ కొండలు, ఖర్జూరపు తోటలు, నాలుగు దుకాణాలు, మా నాన్న పనిచేసే సైటు, అంతే ఊరు. నాన్నది కుటుంబాన్ని తెచ్చుకోగల ఉద్యోగమేమీ కాదు. సైట్‌లో మనవాళ్ళందరికీ మధ్యాహ్నం భోజనం వండి పంపడానికి అమ్మ ఒప్పుకుంటేనే కంపెనీ మాకు రెండు గదుల ఇల్లిచ్చింది. వంట ఆగిందంటే అమ్మా నేనూ పెట్టె సర్దుకుని ఊరికి పోవాల్సిందే. ఈ సంగతి నాకెవరూ కూర్చోబెట్టి చెప్పలేదు గానీ, పక్క గదిలో మాటలు పిల్లల చెవిన పడకుండా ఉంటాయా?

భోజనాలు స్టీలు క్యారియర్లలో వెళ్ళేవి. వాటన్నిటి మీదా మా అమ్మమ్మ పేరు చెక్కి ఉండేది. పేరు కొట్టించకుండా గిన్నెను గడప దాటించని మనిషి ఆవిడ. పరాయి దేశంలో ఎవరి సామానులోనో కలిసిపోతాయని ప్రతి క్యారియర్‌కీ దగ్గరుండి పేరు కొట్టించి పంపింది. బహ్లాలో తెలుగు చదివేదెవరు, మేకలా అని నాన్న ఎగతాళి చేసేవాడు.

శుక్రవారం సైటుకు సెలవు. ఆ రోజు అమ్మ క్యారియర్లన్నీ ఇంటి వెనక వాదిలోకి మోసుకెళ్ళి, ఇసకతో తోమి, గులకరాళ్ళ మీద ఎండకు బోర్లించేది. వాది అంటే అక్కడి వాగు. ఎప్పుడో తప్ప అందులో చుక్క నీరుండదు. అమ్మ గోదావరి ఒడ్డున పుట్టింది. ఏరు పొంగే ముందు నీళ్ళు ఎర్రబడతాయని, మెట్టు మెట్టూ ఎక్కుతూ మనకు టైమిస్తుందని ఆమెకు తెలుసు. వాదికి ఆ మర్యాదలేం తెలియవు. ఒక శుక్రవారం మా నెత్తిన ఎండ మాడ్చేస్తుండగా, వాన ఎక్కడో కొండల మీద కురిసింది. మేము లోపల అన్నం తింటున్నాం. లారీలు బండలు దింపినట్టు చప్పుడైంది. వెనక తలుపు తీసేసరికి వాది నిండా బురదనీళ్ళు పరిగెడుతున్నాయి. క్యారియర్లు లేవు.

అమ్మ గడప మీద కూలబడి, పోయినవాటిని ఒక్కొక్కటే తలుచుకుంటూ ఏడ్చింది. నాన్నను వదిలి వెళ్ళిపోవాలని నాకు అర్థమైపోయింది. ఆమె కొంగు పట్టుకుని నేనూ ఏడుపు లంకించుకున్నాను.

సాయంత్రం కడప మామ వచ్చాడు. సైట్‌లో క్రేన్ నడిపే ఆయనను నేను అలాగే పిలిచేదాన్ని. అమ్మను చెల్లెలిలా చూసుకునేవాడు. ఓదార్పు మాటలు ఆయనకు చేతకావు. కాసేపు విని, "పోయినేటివి సరేమ్మా. ఉండేవెన్ని?" అన్నాడు.

"అడుగంటినవి ఏడు లోపల నానబెట్టానన్నయ్యా. ఏడింటితో అంతమందికి ఎలా పెడతాననుకున్నారు?"

మామ ఆ ఏడింటినీ తెచ్చి చాప మీద వరసగా పెట్టాడు. అంతకుముందు వేరే దేశంలో ఓడరేవు పనిలో ఉన్నప్పుడు తన కొరియా ఫోర్‌మన్ చెప్పిన కథ మొదలెట్టాడు. వెనకటికి కొరియా మీదికి సముద్రం దాటి శత్రువులొచ్చారు. వాళ్ళను ఓడిస్తూ వచ్చిన నౌకా సేనానిని, చాడీలు నమ్మిన రాజు కొట్టించి పదవి ఊడబెరికాడు. తర్వాత వచ్చినవాడు ఓడలన్నిటినీ తీసుకెళ్ళి ముంచాడు. రాజు మళ్ళీ పాత సేనానికే కబురంపి పదవి ఇచ్చాడు, ఓడలే లేవు. ఆయన ఒళ్ళు బాగాలేకపోయినా తీరం వెంట తిరిగి, పారిపోయిన సైనికులను, వదిలేసిన ధాన్యాన్ని, బాణాలను పోగుచేశాడు. పన్నెండు ఓడలు దొరికాయి. ఇక సముద్రం వదిలెయ్యమన్నాడు రాజు.

"పన్నెండు ఉండాయి గదా స్వామీ అన్న్యాడంట ఆయప్ప," అన్నాడు మామ, మీసం తుడుచుకుంటూ.

ఇంకొక్క ఓడ కలిసింది. శత్రువుల ఓడలకైతే లెక్కలేదు. అందుకని ఆయన నీళ్ళు ఉరవడిగా పారే ఇరుకు దారిలో నిలబడ్డాడు. ఎంత పెద్ద దండైనా అక్కడ కొన్నికొన్నిగానే రావాలి. అలా గెలిచాడు. మామ మా ఇరుకు వాకిలి చూపించి, "మనమూ అందర్నీ ఒక్కపారే తిననిస్తేనే గదా తంటా?" అన్నాడు.

అమ్మ కళ్ళు తుడుచుకుంది. మర్నాడు సైట్‌లో జట్లు జట్లుగా తిన్నారు. ఒక జట్టు లేవగానే అవే గిన్నెలు కడిగి, నింపి, మరో జట్టుకు పంపింది అమ్మ. సూపర్‌వైజర్ సణిగాడు గానీ ఎవరి కడుపూ మాడలేదు. వంట ఆగలేదు.

తర్వాతి శుక్రవారం మామ పికప్‌లో మమ్మల్ని ఎక్కించుకుని వాది వెంట కిందికి తీసుకెళ్ళాడు. ముళ్ళ చెట్లలో సొట్టలు పడ్డవి కొన్ని దొరికాయి. ఒక తోట దగ్గర ముసలి ఒమానీ రైతు మాకోసమే చూస్తున్నట్టు రెండు క్యారియర్లు తెచ్చాడు. ఖాళీగా ఇవ్వకూడదని ఖర్జూరాలతో నింపాడు. చెక్కిన అక్షరాల మీద వేలు పెట్టి ఏమిటన్నట్టు చూశాడు. అమ్మ గుండె మీద చెయ్యి వేసుకుని "ఉమ్మీ" అంది. అరబ్బీలో మా అమ్మ అని. ఆయన తల ఊపాడు. పేరని తెలిసే పక్కన పెట్టానని సైగలతో చెప్పాడు. ఆ రోజంతా నాన్న మా అమ్మమ్మను మెచ్చుకుంటూనే ఉన్నాడు.

ఇప్పుడు నేను ఒమాన్‌లోనే, దార్సైట్‌లో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. అమ్మా నా దగ్గరే ఉంది. ఆమెకు మరుపు వచ్చింది. మొదట బహ్లా పోయింది, తర్వాత మనవల పేర్లు, మొన్న కాఫీ కలపడం. పోయినవి తలుచుకుంటూ కొన్నాళ్ళు నేనూ ఆ గడప మీద కూలబడ్డట్టే కూలబడ్డాను. ఒక పొద్దున ఎందుకో మామ మాట గుర్తొచ్చి, అప్పటినుంచి ఉండేవి చూసుకుంటున్నాను. పోపు వాసనకు ఇప్పటికీ వంటింటి వైపు తల తిప్పుతుంది. నా జడ అల్లుతానంటుంది, జుట్టు పిడికెడే ఉన్నా. ఈ ఉదయం సొట్టల క్యారియర్ ఒళ్ళో పెట్టాను. అక్షరాలను వేలితో తడుముతూ చాలాసేపు కూర్చుంది. తర్వాత గుండె మీద చెయ్యి వేసుకుని, "మా అమ్మ" అంది.