కింది అర సర్దేవాళ్ళు

పరదాల అక్క ఆ దుకాణంలో చేరినప్పటి నుంచి పనివేళల్లో కూర్చుని ఎరగదు. దుకాణం నిండా పరదాలు, దుప్పట్లు, కుషన్లు, పరుపులు, సోఫా కవర్లు. వచ్చినవాళ్ళు తీరిగ్గా చూసుకోడానికి మెత్తటి కుర్చీలు. అమ్మే ఆడవాళ్ళకు మాత్రం ఒక్క పీట కూడా లేదు. బయట కుండపోతగా వాన పడుతూ, వీధిలో పిట్ట మనిషి లేకపోయినా, కౌంటరు వెనక నిటారుగా నిలబడి తలుపు వైపు చూసి నవ్వుతూ ఉండాల్సిందే. అమ్మేవాళ్ళు కూర్చుంటే కొనేవాళ్ళకు మర్యాద తగ్గినట్టట.

అక్క రోజూ ఇంటికెళ్ళి గోరువెచ్చటి నీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకునేది. బస్సు డ్రైవరైన మొగుడు పక్కనే బోర్లా పడుకుని, నడుం తొక్కమని కూతుర్ని బతిమాలేవాడు.

"ఈయనకు రోజంతా కూర్చుని నొప్పి, నాకు రోజంతా నిలబడి నొప్పి. ఇద్దర్నీ చెరిసగం చేసి అతికిస్తే ఒక మంచి మనిషి తయారవుతాడు" అని నవ్వేది.

ఆ నవ్వు డాక్టరమ్మ దగ్గర ఆగింది. పిక్కల మీద నీలంగా ఉబ్బిన నరాలు చూసి, మధ్యమధ్య కూర్చోకపోతే ఈ పని మానుకోక తప్పదని ఆవిడ ఖచ్చితంగా చెప్పేసింది. మానుకుంటే ఇల్లు గడవదు. కూర్చుంటే ఉద్యోగం ఉండదు.

దీనికి ఆ దుకాణం ఆడవాళ్ళు కనిపెట్టిన ఉపాయం పేరు కింది అర సర్దడం. కింది అరలో సరుకు సర్దాలంటే ఎవరైనా గొంతుక్కూర్చోవాల్సిందే కదా. కాసేపయ్యాక చతికిలబడినా అడిగేవాళ్ళు లేరు. అక్క, దుప్పట్ల చెల్లి, బిల్లింగు వదిన వంతులేసుకుని సర్దేవాళ్ళు. వంతుల సంగతి మరిచిపోయి ముగ్గురూ ఒకేసారి కింది అర మీద పడేది మాంగా కొత్త భాగం వచ్చిన రోజున.

మాంగా అంటే జపాను బొమ్మల కథ. ఆ పిచ్చి ముందు దుప్పట్ల చెల్లిది. తను ఫోన్లో ఇంగ్లీషులో చదివి వీళ్ళకు తెలుగులో చెప్పేది, తర్వాత ముగ్గురికీ అంటుకుంది. నవ్వుల ప్రేమకథ. కానీ ఈమధ్య కథ ఒకచోట ఇరుక్కుపోయింది. అబ్బాయి రమ్మన్నాడని అమ్మాయి రైల్వే స్టేషను బయట మంచులో నిలబడింది. వారాలు గడుస్తున్నాయి, భాగాలు వస్తున్నాయి, ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది. చివరి బొమ్మలో స్తంభం వెనక నుంచి ఒక బూటు కొస మాత్రం కనిపించింది.

"కథలో గడిచింది అరగంటే అక్కా" అంది చెల్లి.

"అరగంటైనా మంచులోనే కదే. ఒక్క ఫోను చేసిందా? రమ్మని అడిగిందా? ప్రేమంటే అదీ. అడిగి తెచ్చుకున్నదానికి విలువుండదు" అంది అక్క.

"ప్రేమా లేదు పాడూ లేదు. పొగరు. వాడొచ్చాక జీవితాంతం దెప్పడానికి సరుకు పోగేసుకుంటోంది."

"మీరిద్దరూ ఆ పిల్ల చుట్టూనే తిరుగుతున్నారు" అంది వదిన. "బూటు ఎవరిదో చెప్పండి ముందు. వాడిదే. ఎప్పుడో వచ్చాడు. దాక్కుని చూస్తున్నాడు."

"ఛ, అలాంటివాడు కాదు వదినా. తడుస్తోందని పిల్లికూనకి గొడుగు ఇచ్చేసి వెళ్ళాడు, మర్చిపోయావా?" అంది చెల్లి.

"మా మామగారు వీధిలో పిల్లులన్నిటికీ పాలు పోస్తారు. అత్తగారికి ఒక్కనాడు కాఫీ కలిపిచ్చిన పాపాన పోలేదు. పిల్లుల మాట నా దగ్గర ఎత్తకు."

వాళ్ళను పట్టించింది చివరికి ఆ కింది అరే. మేనేజరు పై అరలు చూస్తే దుప్పట్లన్నీ కలగాపులగంగా ఉన్నాయి, కింది అరలు మాత్రం పెళ్ళికూతురిలా ముస్తాబై ఉన్నాయి. ఇదేం చోద్యమని కౌంటరు మీంచి వంగి చూశాడు. మూడు తలలు, ఒక ఫోను.

"ఏం సర్దుతున్నారమ్మా?"

"బూటు సార్" అంది అక్క, ఇంకా ఆ ధ్యాసలోనే ఉండి.

ఫోను మేడ మీద మేనేజరుగారి అద్దాల గదిలోకి వెళ్ళిపోయింది. చెల్లిని పైకి పిలిచి ఫోను తాళం తీయించి, ఇదేమిటో చూపించమన్నాడు. ఉద్యోగాలు ఊడినట్టేనని మిగతా ఇద్దరూ కిందే బిక్కుబిక్కుమంటూ నిలబడ్డారు. చెల్లి ఎంతసేపటికీ రాదు. వచ్చాక చెప్పిన మాట వీళ్ళు నమ్మలేదు.

"తిట్టలేదు వదినా. ఇది మొదటి నుంచి ఎక్కడ దొరుకుతుందీ అని అడిగాడు."

మరుసటి వారం కొత్త భాగం వచ్చింది. బూటు ఆ అబ్బాయిదే. అమ్మాయి వచ్చినప్పటి నుంచీ స్తంభం చాటున నిలబడి చూస్తూనే ఉన్నాడు. వదిన ఆ పూటంతా ఎన్నికల్లో గెలిచినట్టు తిరిగింది. మధ్యాహ్నం బేరాలు లేని వేళ మేనేజరు తనంతట తానే పరదాల కౌంటరు దగ్గరికి దిగొచ్చాడు.

"ఆ కుర్రాడి తప్పేం లేదు" అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

"చూస్తూ ఊరుకున్నాడు సార్" అంది వదిన.

"వాడికేం తెలుసమ్మా, ఆ పిల్లకి అంత కష్టంగా ఉందని? నవ్వుతూనే నిలబడిందిగా."

"నవ్వకపోతే బాగోదని నవ్వింది" అంది చెల్లి. "లోపల సాక్సులు తడిసిపోయాయి. బొమ్మలో వేశారు కూడా, చూడలేదా మీరు?"

మేనేజరు కాస్త తడబడ్డాడు. సాక్సుల బొమ్మ ఆయన నిజంగానే గమనించలేదు. "వాడికీ పైన తండ్రి ఉన్నాడు. ఎదురుపడితే ఏదో ఒకటి తేల్చాలి, ఇంటికెళ్ళి సమాధానం చెప్పుకోవాలి. అందుకని వెనకాడాడు. ఆ పిల్లే నోరు తెరిచి అడగాల్సింది. అడగనిది వాడెలా ఇస్తాడు?"

ఇన్నాళ్ళూ అడగకపోవడమే గొప్పని వాదించిన మనిషి అక్క. ఇప్పుడూ అదే అందామని నోరు తెరిచింది. "అడక్కుండానే ఇవ్వాలి సార్, అడిగించుకోవడం ఏం..." అని మధ్యలో ఆగిపోయింది. బరువు ఎడమ కాలి మీంచి కుడి కాలి మీదికి మార్చుకుంది. పైన అద్దాల గది వైపు చూసింది. అందులో ఉన్న చక్రాల కుర్చీలోంచి పరదాల కౌంటరు మొత్తం కనిపిస్తుంది.

"అడిగితే కాదనడంటారా?"

"ఎందుకంటాడు? మంచి కుర్రాడు."

"అయితే సార్, మాకు కూర్చోడానికి స్టూళ్ళు కావాలి."

దుప్పట్ల చెల్లి మడత పెడుతున్న దుప్పటి మొహానికి అడ్డం పెట్టుకుంది. మేనేజరు అటూ ఇటూ చూశాడు.

"నేను కథ సంగతి చెబుతున్నానమ్మా."

"నేను నా కాళ్ళ సంగతి చెబుతున్నాను సార్. ఇలాగే నిలబడితే పనికే రాలేనంది డాక్టరమ్మ. బేరం వస్తే లేస్తాం. లేనప్పుడు కూర్చుంటాం. అంతే."

"ఓనరుగారు ఏమంటారో..."

"స్తంభం వెనక నుంచి రండి సార్" అంది వదిన నెమ్మదిగా.

వచ్చాడు, సగం వచ్చాడు. పరదాలు పైకి తగిలించేటప్పుడు ఎక్కడానికని ఓనరుకు చెప్పి రెండు ప్లాస్టిక్ స్టూళ్ళు తెప్పించాడు. మొదటిరోజు అక్క ఫొటో తీయించుకునేదానిలా బిర్రుగా కూర్చుంది. గాలికి తలుపు కదిలినా గభాలున లేచింది. పోనుపోను వెన్ను వాల్చడం నేర్చుకుంది. పిక్కల పోట్లు తగ్గుముఖం పట్టాయి. కింది అర మళ్ళీ పై అరలాగే తయారైంది.

అప్పుడొచ్చింది ఫిర్యాదు. దిండు గలీబులు కొనడానికి వచ్చిన ఒకావిడ నేరుగా ఓనరు దగ్గరికే వెళ్ళి, "మేం లోపలికొస్తుంటే మీ మనిషి దర్జాగా కూర్చునుంది" అని చెప్పింది. ఆవిడ కౌంటరు దాకా రాకముందే అక్క లేచి నిలబడిందని ఎవరు చెబుతారు? ఓనరు మేనేజరును పిలిపించాడు. ఈసారి ఆయన తగిలించడాలూ ఎక్కడాలూ చెప్పలేదు. స్టూళ్ళు కూర్చోడానికేనని, ఆ మనిషి కాళ్ళు చెడిపోతున్నాయని, ఆమె మానేస్తే పరదాల కొలత తీసేవాళ్ళు మళ్ళీ దొరకరని మొహం మీదే చెప్పాడు. మాటకు మాట పెరిగింది. చివరికి ఓనరు ఒక షరతు పెట్టాడు. ఇంకొక్క ఫిర్యాదు వస్తే స్టూళ్ళు గోడౌనుకు పోతాయి.

కాబట్టి అక్క కూర్చోవాలా నిలబడాలా అన్నది ఇప్పుడు తేల్చేది కొనడానికి వెళ్ళే మనం. ఇలాంటి షరతు మీద నిలబడే ఆడవాళ్ళు ఆ ఒక్క దుకాణంలోనే లేరు. ఈసారి మీరు తువ్వాలు కొన్నా, చీర కొన్నా, చెప్పులు కొన్నా, అమ్మే మనిషి కూర్చుని ఉంటే మొహం ముడుచుకోకండి. లేవబోతే "కూర్చునే చూపించమ్మా" అనండి. కౌంటరు వెనక ఒకసారి తొంగి చూడండి. స్టూలు లేకపోతే, బిల్లు కట్టేముందు ఓనరును పదిమందికీ వినపడేలా అడగండి, మీ వాళ్ళు ఎక్కడ కూర్చుంటారండీ అని. ఆ ప్రశ్న మీ తర్వాత వచ్చినవాళ్ళు కూడా అడిగితే, ఆయన ఎవరో ఒకర్ని పంపించి స్టూళ్ళు తెప్పిస్తాడు.