కొలతల బాబాయ్ ఇంగ్లీషు పరీక్ష

బట్టల కొట్టులో పిల్లల విభాగం చూసే కొలతల బాబాయ్ ముప్ఫై ఏళ్ళుగా ఏ తల్లినీ పిల్లాడి వయసు అడిగి ఎరగడు. అడిగితే నిజం చెప్పరని ఆయన అనుభవం. బట్టలు రెండేళ్ళు రావాలన్న ఆశతో నాలుగేళ్ళవాణ్ణి ఆరేళ్ళవాడంటారు, తీరా చొక్కా మోకాళ్ళ దాకా వేలాడితే కొట్టుని తిట్టిపోస్తారు. అందుకే పిల్లాడు గుమ్మం దాటి వచ్చే తీరు చూసి సైజు తీసేవాడు.

ఆ విద్యకి యజమానురాలి కొత్త కోడలు ఎసరు పెట్టింది. కాపురానికి వచ్చి మూడు నెలలైనా కాలేదు, అరలన్నింటికీ ఇంగ్లీషు బోర్డులు తగిలించి, బాబాయ్ చేతిలో ఒక కాగితం పెట్టింది. ఇన్‌ఫెంట్ అంటే ఏడాది లోపు, టాడ్లర్ అంటే మూడేళ్ళ దాకా, కిడ్ అంటే పన్నెండు, ఆపైన టీనేజర్. సోమవారానికి నోటికి రాకపోతే గోడౌన్‌కి మారుస్తానంది. గోడౌన్ అంటే మూడంతస్తుల మెట్లు, వీపు మీద మూటలు. రెండు మెట్లెక్కితేనే ఆయాసపడే బాబాయ్ గుండెల్లో రాయి పడింది.

ఆదివారమంతా బట్టీ పట్టాడు. సోమవారం కౌంటర్ దగ్గర కోడలు నిలదీసేసరికి ఒక్క అంకె గుర్తొస్తే ఒట్టు.

"ఏళ్ళు నాకు గుర్తుండవమ్మా, తెలిసింది చెప్తాను. ఏం తొడిగినా కిక్కురుమననివాడు ఇన్‌ఫెంట్. అమ్మ చెయ్యి పట్టుకుని, ఆవిడ తీసిందే తొడుక్కునేవాడు టాడ్లర్. కావలసింది ఇచ్చేదాకా నేలమీద దొర్లేవాడు కిడ్. వెంటొచ్చినావిడ ఎవరో తెలీనట్టు దూరంగా నిలబడేవాడు టీనేజర్."

"మరి ఆయన?" అంది కోడలు, పెద్దవాళ్ళ చొక్కాల వైపు గడ్డం ఎత్తి.

అక్కడ ఆమె మొగుడు చేతులు చాచి నిలబడ్డాడు. ముప్ఫై నిండిన మనిషి. వాళ్ళమ్మ ఒక్కొక్క చొక్కా తీసి గుండెకి ఆనించి చూస్తోంది.

"టాడ్లరమ్మా," అనేశాడు బాబాయ్. అన్నాక నాలిక కరుచుకున్నాడు. అయిపోయింది, ఇక మూటలే గతి.

కోడలు పగలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. ఆ కన్నీళ్ళన్నీ నవ్వువల్ల వచ్చినవి కావని బాబాయ్‌కి తెలిసిపోయింది. జాలేసింది.

"ఎప్పటికి ఎదుగుతారు బాబాయ్?"

"చెయ్యి వదిలితేనమ్మా. ఒకసారి వదిలి చూడాలి."

కోడలు వెళ్ళి, "కాళ్ళు లాగుతాయి, కూర్చోండత్తయ్యా," అని అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టింది. మొగుణ్ణి అర ముందు ఒంటరిగా వదిలేసింది. అతను పావుగంట తచ్చాడి, చిలకాకుపచ్చ చొక్కా ఒకటి లాగాడు.

"ఛీ! అదేం రంగురా?" అని అత్తగారు లేవబోయింది.

"నాకు బాగుందమ్మా," అన్నాడతను. చొక్కా వదల్లేదు.

కోడలు దాన్ని తెచ్చి బాబాయ్ ముందు పెట్టింది. "ప్యాక్ చెయ్యండి బాబాయ్. గోడౌన్‌కి ఇంకో మనిషిని చూసుకుంటాలెండి."

అంత దరిద్రపు రంగుని అంత సంతోషంగా మడతపెట్టడం బాబాయ్ సర్వీసులో అదే మొదటిసారి.