దాసయ్య పాడిన పదకొండు కీర్తనలు

ప్రొద్దుటూరులో పాత ల్యాప్‌టాప్‌లు బాగుచేసి లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించే ఎడ్విన్‌కు బ్యాటరీ పిచ్చి. ఏ మిషను చేతికొచ్చినా ప్రాసెసర్ వేగం తగ్గించి, ఇంకో గంట లాగించేదాకా వాడికి మనసు ఊరుకోదు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లో పెరిగాడు, వాణ్ణి మాత్రం ఏమనగలం.

వాళ్ల నాయన దాసయ్య జమ్మలమడుగు చర్చిలో నలభై ఏళ్లు కీర్తనలు పాడించిన మనిషి. పుస్తకంలో మాటలే ఉంటాయి, రాగాలన్నీ ఆయన గొంతులోనే. పాపిష్టి క్యాన్సర్ సరిగ్గా ఆ గొంతుకే వచ్చి కూర్చుంది. ఆపరేషన్ చేస్తే ప్రాణం దక్కుతుంది, మాట దక్కదన్నారు డాక్టర్లు. ఆపరేషన్‌కు వెళ్లే ముందురోజు పొద్దున ఎడ్విన్ తన ల్యాప్‌టాప్‌కు మైకు తగిలించి ముసలాయన ఎదురుగా కూర్చున్నాడు. కరెంటు లేదు. బ్యాటరీ చాలదేమోనని ప్రాసెసర్‌ను అట్టడుగు వేగానికి దించి రికార్డింగు మొదలుపెట్టాడు.

దాసయ్య పదకొండు కీర్తనలు పాడాడు. నొప్పికి కళ్ల వెంట నీళ్లు కారుతున్నా ఆపలేదు. ఒకటి విని చూద్దామని ఎడ్విన్ అంటే ఒప్పుకోలేదు. పాడింది దేవుడికి, పాడినవాడే తిప్పి వింటే గర్వమని ఆయన పట్టు. బ్యాటరీ ఇంకా సగముందని ఎడ్విన్ మురిసిపోయాడు కూడా, వాడి మొహం మండ!

నెల తర్వాత మెడకు రంధ్రంతో, చేతిలో పలకతో దాసయ్య ఇల్లు చేరాడు. చర్చిలో పాడేవాళ్లకు నేర్పాలి కదా, ఇక ఆ రికార్డింగు పెట్టమని ఆయనే రాసి చూపించాడు.

మొదటి చరణంలోనే పాట తెగింది. మళ్లీ అందుకుంది, మళ్లీ తెగింది. పదకొండూ అంతే. ఎడ్విన్ సెట్టింగులు తెరిచాడు. రెండువేల ఆరువందల మెగాహెర్ట్జ్ దాకా పోవాల్సిన ప్రాసెసర్ వేగం ఎనిమిది వందల దగ్గరే కట్టేసి ఉంది. పాడిన రోజున ఆ నత్తనడకతో మిషను పాటను అందుకోలేక ముక్కలు ముక్కలుగా వదిలేసింది. ఇప్పుడు పూర్తి వేగానికి పెంచి మళ్లీ వినిపించాడు. పోయినవి ఎక్కణ్ణుంచి వస్తాయి?

దాసయ్య తలవంచుకుని పలక మీద రాశాడు. "ఈడీడ నా గొంతే ఆగిపోయినట్టుండాది. అంతకంటే పాడలేకపోతి."

అది నిజమేనని ఊరుకుంటే ఎడ్విన్ తప్పించుకునేవాడే.

"నువ్వు యాడా ఆపల్యా నాయనా," అన్నాడు ఎడ్విన్. "బ్యాటరీ మిగలాలని నేనే ఆపినా."

దాసయ్య కొడుకు ముఖంలోకి చూశాడు. తన గొంతే ఆగిందని పలక మీద రాసిన మాటలు తుడిచేశాడు.