దేవదానం గారి చీటీలు

మా ముత్తాతగారు నల్లజర్ల ప్రాంతంలో మూడు ఊళ్ళలో భూములున్న మోతుబరి. తాతగారు ఏలూరు కోర్టులో పేరున్న ప్లీడరు. ఆయన వరండాలోకి వస్తే కక్షిదారులు లేచి నిలబడేవారట. ఆ ఇంట్లో మూడో తరం ప్లీడరును నేను. మొన్న ఒక కక్షిదారు పెళ్ళి శుభలేఖ తెచ్చిచ్చాడు. అంచులకు రాసిన పసుపు వాసన తగలగానే నాకు మా లా పుస్తకాలు గుర్తొచ్చాయి. వాటితోపాటే మా గుమాస్తా దేవదానం గారూ.

ఆయనది అత్తిలి. తాతగారి చివరి రోజుల్లో చేరి, నాన్నగారి దగ్గరా, తర్వాత నా దగ్గరా పనిచేశారు. పాత శుభలేఖలను వేలెడు వెడల్పున కత్తిరించి చీటీలు చేసేవారు. వాదనలో ఏ పాత తీర్పు ఉదహరించాలన్నా ముందు అదున్న సంపుటం బీరువాలోంచి దించాలి, చదవాలి, పేజీలో చీటీ పెట్టాలి. చీటీ లేని తీర్పు మా ఆఫీసు గడప దాటకూడదు. నియమం తాతగారిది, కాపాడింది ఈయన. ప్రాక్టీసు కొత్తలో ఒక తీర్పు చదవకుండానే చదివానన్నాను. "అయితే మూడో పేరాలో ఏముందండి బాబుగారూ?" అని మెత్తగా అడిగారు. చదవడం ఆ రోజు నేర్చుకున్నాను.

ఆమధ్య ఆఫీసులో కృత్రిమ మేధ సాధనం పెట్టాను. నాలుగు రోజులు పట్టే దస్తావేజుల సారాంశం కాఫీ చల్లారేలోగా చేతికొచ్చేది. "బాగా చదువుకున్నోరేనండి ఈయన!" అని దేవదానం గారు మెచ్చుకున్నారు కూడా. అంతలో కొల్లేటికోట నుంచి ఒక మత్స్యకారుడి కేసు వచ్చింది. అతని చెరువులోకి అవతలివాళ్ళు దిగకుండా స్టే కావాలి. సాధనం రాసిచ్చిన వాదనలో మాకు అచ్చంగా సరిపోయే తీర్పు ఒకటి ఉంది. దేవదానం గారు సంపుటం దించి చూశారు.

"బాబుగారండి, ఆ పేజీలో ఏదో అద్దె కేసుందండి. మనది లేదండి."

"కంప్యూటరు చెప్పాక మళ్ళీ బీరువా ఎందుకండీ?"

"రేపు జడ్జి గారడిగితే ఆ కంప్యూటరుగారు లేచి నిలబడతారాండి?"

గుమాస్తా చేత దిద్దించుకోవడం నాకు నామోషీ అనిపించింది. "ఉన్నది ఉన్నట్టు టైపు చేయండి" అన్నాను. చేశారు.

మర్నాడు నిండు కోర్టులో జడ్జి గారు కాగితం ఎత్తి చూపారు. "ఈ తీర్పు ఎక్కడుందండీ? ఎంత వెతికినా లేదే!"

మా తాతగారిని ఎరిగిన ప్లీడర్లు నన్నే చూస్తున్నారు. "మా గుమాస్తా పొరపాటండి" అన్నాను. అప్పుడు కూడా నా వెన్ను నిటారుగానే ఉంది.

వెనక బెంచీలోంచి దేవదానం గారు లేచి నిలబడ్డారు. "తప్పు నాదేనండి అయ్యా."

"ఇంత వయసొచ్చి ఇదేం పనండీ?" అన్నారు జడ్జి గారు. దేవదానం గారు తల దించుకున్నారు. వరండాలో ఎవరో "ముసలాయనకి చూపు ఆనట్లేదేమో పాపం" అంటే నేను వింటూ ఊరుకున్నాను. అన్నేళ్ళలో ఆయన పనిమీద వచ్చిన చెడ్డమాట అదొక్కటే. తెచ్చింది నేను.

ఆ సాయంత్రమే ఆయన అసలైన తీర్పు ఒకటి వెతికి, చీటీ పెట్టి, నా బల్ల మీద ఉంచారు. పక్కనే ఆఫీసు తాళాలు పెట్టి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. తర్వాతి వాయిదాలో స్టే వచ్చింది ఆ చీటీ తీర్పుతోనే.

నెల తర్వాత అత్తిలి వెళ్ళాను. తప్పు నాదని చెప్పాలని దారంతా అనుకుంటూనే ఉన్నాను. ఆయన కుర్చీ తుడిచి వేశారు. "కొల్లేటికోట ఆయన చెరువు నిలిచిందాండి?"

"నిలిచిందండి."

"అంతే చాలండి."

కాఫీ తాగి వచ్చేశాను. ఆ మాట నోట రాలేదు. ఇప్పుడాయన లేరు.

సాధనాన్ని ఈనాటికీ వాడుతున్నాను. తప్పు దానిమీదికి నెట్టను. అది చెప్పిన ప్రతి తీర్పూ అసలు ప్రతి తెప్పించుకుని, మూడో పేరా దాటేదాకా చదివి, శుభలేఖ ముక్క పెడతాను. తాతగారు కట్టించిన ఆఫీసు చేయిదాటిపోయి అద్దె గదిలోకి మారినప్పుడు పుస్తకాలకు చోటు లేకపోయింది. ఒక్కో సంపుటం దులిపి చీటీలు నా దగ్గర ఉంచుకున్నాను. సంపుటాలను బీరువాలతో సహా తాడేపల్లిగూడెంలో ఒక పాత సామాన్ల వ్యాపారికి అమ్మేశాను.