డ్రైవర్‌ను నేను అడగని ప్రశ్న

దయ్యం పట్టిందని ఎవరైనా చెబితే ముందు రక్తపరీక్ష చేయించమనే మనిషిని నేను. మా ఇంట్లో నన్ను మొండిదంటారు. ఇప్పుడు చెప్పబోయేది నాకు కాక ఇంకెవరికైనా జరిగి ఉంటే నేను ఒక్క ముక్క కూడా నమ్మేదాన్ని కాదు.

మాది గద్వాల. పెళ్లయ్యాక వనపర్తి వచ్చాను. ఇక్కడ ఒక ప్రైవేటు బడిలో ఆఫీసు పని చూస్తాను. ఆయాలు, డ్రైవర్లు, కొత్త టీచర్లు, ఎవరిని తీసుకోవాలన్నా మొదట మాట్లాడేది నేనే.

ఏం అడగాలన్న విషయంలో నాకు పట్టింపు ఎక్కువ, ముఖ్యంగా బస్సు డ్రైవర్ల దగ్గర. తాగుతావా అంటే అవునని ఎవరూ చెప్పరు. పని అయిపోయాక ఎవరితో కూర్చుంటావని అడుగుతాను. యాక్సిడెంట్లు చేశావా అనేకన్నా, బండికి గొర్రెల మంద అడ్డమొస్తే ఏం చేస్తావని అడగడం మేలు. కులం అడగను, ఇంటి గొడవలు అడగను. జవాబు చెప్పేముందు మనిషి ఎటు చూస్తాడో గమనిస్తాను. పిల్లల్ని ఎక్కించి పంపేది మేమే కదా.

ఒక ఎండాకాలం, బడి తెరవకముందు, నాగర్‌కర్నూల్ వైపు నుంచి డ్రైవర్ పనికని ఒకతను వచ్చాడు. పేరు రాయను. నాకన్నా పెద్దవాడు. ఇస్త్రీ చొక్కా, నూనె రాసి దువ్విన తల. కూర్చోమంటేనే కూర్చున్నాడు. బడి లెక్కలు చూసే రమణ సార్ నా పక్కనే ఉన్నారు. పట్టపగలు. కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి.

అతని జవాబులన్నీ నాకు నచ్చాయి. గొర్రెల సంగతి అడిగితే, "బండి ఆపుత మేడమ్. నోరులేని జీవాలు గదా" అన్నాడు. ఇతన్నే తీసుకుందామనుకున్నాను. పాత పని ఎందుకు మానేశావని అడుగుదామని నోరు తెరిచాను.

"బండి మళ్ల ఎన్కకెందుకు తెచ్చినవ్ బిడ్డా? నాకింకా పానముండె గదా."

గొంతు నాదే. మాట నాది కాదు. నాకన్నా పెద్దవాణ్ణి బిడ్డా అని నేను ఏనాడూ పిలవలేదు. రమణ సార్ ఉలిక్కిపడి నా వైపు తిరిగారు. ఆయన కూడా ఇదే మాట విన్నారు. తర్వాత పోలీసులకూ అదే చెప్పారు.

అతని ముఖంలో నెత్తురు లేదు. "నీకెవరు చెప్పిన్రు?" అన్నాడు మెల్లగా. నాకేమీ తెలియదని చెప్పబోయాను. మళ్లీ అదే వచ్చింది.

"నాకింకా పానముండె గదా."

వాడు బల్ల మీదుగా దూకాడు. నా జుట్టు పట్టుకుని ముఖాన్ని బల్లకేసి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. బల్ల మీది అద్దం పగిలి చెంపలో దిగింది. పెదవి చీలింది. విరిగిన పళ్లు నాలుక మీద గరగరమన్నాయి. రమణ సార్ వెనక నుంచి వాడి నడుము పట్టుకుంటే, విదిలించుకుని కుర్చీ ఎత్తి ఆయన చేతి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఆ తర్వాత వాడి రెండు చేతులూ నా గొంతు మీదికి వచ్చాయి.

కళ్లకు చీకట్లు కమ్ముతున్నాయి. వాడి అరుపులు మాత్రం వినబడుతున్నాయి.

"సచ్చినోడివి సచ్చినట్టుండవా! మొదలు బండి కాళ్ల మీదికెల్లే పోయింది. నువ్వు లేసి నా బండి నంబరు సూస్తుంటివి. గందుకే ఎన్కకొచ్చిన. తల మీదికెల్లి ఎక్కిచ్చిన. సచ్చినోడు ఎట్ల అడుగుతడు? ఎట్ల అడుగుతడు?"

బయట బస్సులు కడుగుతున్న మా డ్రైవర్లు పరుగెత్తుకొచ్చి వాణ్ణి లాగేశారు. గడప మీద పడేసి తన్నారు. వాడి ముక్కు, నోరు నెత్తురు ముద్దయ్యేదాకా తన్నారు. ఆపమని చెప్పే స్థితిలో నేను లేను. చెప్పాలనీ అనిపించలేదు.

కొన్నాళ్ల కింద వీపనగండ్ల దగ్గర రోడ్డు పక్కన బుచ్చన్న అనే ముసలి రైతు శవం దొరికిందనీ, ఏ బండి గుద్దిందో అప్పటిదాకా తేలలేదనీ పోలీసులు దవాఖానలో నాకు చెప్పారు. వాడు ఒప్పుకున్నాడు. అయినా వాడికన్నా నన్నే ఎక్కువ ప్రశ్నలు అడిగారు. నీకెట్ల తెలిసింది, ఎవరు చెప్పారు అని. ఆ ఊరికి నేను ఎప్పుడూ పోలేదు. ఆ ముసలాయన పేరు కూడా వినలేదు.

ఎక్కడో పేపర్లో చదివి మరిచిపోయి ఉంటావని మావారు అన్నారు. కావచ్చు. కానీ బండి వెనక్కి వచ్చిన సంగతి ఏ పేపరు రాస్తుంది? చూసినవాళ్లే లేరు.

నేను దవాఖానలో ఉండగానే, పోలీసుల దగ్గర సంగతి విని బుచ్చన్న భార్య వచ్చింది. కుర్చీ చూపించినా వద్దని మంచం పక్కన నేల మీద కూర్చుంది. నా ముఖం మీది కట్లు చూసి, "నీకెంత కష్టమొచ్చె బిడ్డా" అంది. గొంతు తగ్గించి అడిగింది.

"గదొక్కటే అడిగిండా? నా ముచ్చటేమన్న అడిగిండా?"

నోటి నిండా కుట్లు. కష్టం మీద పెదవులు కదిపి, "తిన్నవా అని అడిగిండవ్వా" అన్నాను.

ఆమె నన్ను అలాగే చూసింది.

"గట్ల అడిగేటోడు కాదు మా ముసలోడు. ఏం వండినవ్ అనేటోడు" అంది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పోయేముందు నా చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంది.

ఆమెకు చెప్పిన అబద్ధం నాదే. బడిలో ఆ ప్రశ్న అడిగింది ఎవరో మాత్రం ఈరోజుకీ చెప్పలేను.